విండోస్ సాఫ్ట్‌వేర్ లైనక్స్‌లో, మ్యాక్‌లో నడుస్తుందా? వైన్, వర్చువల్ మెషిన్, ఎమ్యులేటర్... మీకు ఏది సెట్ అవుతుంది?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11కి వెళ్దామంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు 8వ జనరేషన్ లేదా ఆ పైది కావాలి. అంటే 2016, 2017లో కొన్న ల్యాప్‌టాప్‌లు ఎంత బాగా పనిచేస్తున్నా లిస్టులో లేనట్టే. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌కి నమోదు చేసుకున్న మామూలు యూజర్లకి కూడా 2026 అక్టోబర్ 13 వరకే గడువు.

అందుకే ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇది: "లైనక్స్ వేసుకుంటా బ్రో, కానీ నా సాఫ్ట్‌వేర్ నడుస్తుందా?" రెండో ప్రశ్న కొత్తగా మ్యాక్‌బుక్ కొన్న ఇంజినీరింగ్ స్టూడెంట్స్‌ది: "మా ల్యాబ్‌లో వాడేది విండోస్‌కి మాత్రమే ఉంది, ఇప్పుడెలా?"

ఒక్క మాటలో అవుననో కాదనో చెప్పేస్తే మీకు ఉపయోగం ఉండదు. అసలు ఒక సిస్టమ్ సాఫ్ట్‌వేర్ ఇంకో సిస్టమ్‌లో ఎందుకు నడవదో ఒకసారి అర్థమైతే, మీ అవసరానికి ఏ దారి పనికొస్తుందో మీరే తేల్చుకోగలరు. ఈ ఆర్టికల్‌లో ముందు అది చూద్దాం, తర్వాత ఒక్కో దారి, ఆఖర్లో ఎవరు ఏది వాడాలో నా సలహా.

అసలు ఎందుకు నడవదు?

మీరు ఒక ఈఎక్స్‌ఈ ఫైల్‌ని లైనక్స్‌లో డబుల్ క్లిక్ చేస్తే మూడు అడ్డంకులు వస్తాయి.

మొదటిది ఫైల్ ఫార్మాట్. విండోస్ ప్రోగ్రామ్‌లు పీఈ అనే ఫార్మాట్‌లో ఉంటాయి, లైనక్స్ ప్రోగ్రామ్‌లు ఈఎల్ఎఫ్ ఫార్మాట్‌లో, మ్యాక్‌వి మాక్-ఓ ఫార్మాట్‌లో. లోపల కోడ్ ఎక్కడ మొదలవుతుంది, ఏయే లైబ్రరీలు కావాలి అనే వివరాలు ఒక్కో ఫార్మాట్‌లో ఒక్కోలా రాసి ఉంటాయి. లైనక్స్ కెర్నల్‌కి పీఈ ఫైల్ చదవడం రాదు. ఇది చిన్న అడ్డంకి. ఫైల్ చదివి మెమరీలోకి ఎక్కించే లోడర్ రాసుకుంటే సరిపోతుంది.

రెండోదే అసలు కథ. ఏ ప్రోగ్రామూ తన పనులన్నీ తానే చేసుకోదు. ఫైల్ తెరవాలన్నా, విండో గీయాలన్నా, ప్రింట్ ఇవ్వాలన్నా ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడగాలి. విండోస్‌లో ఈ అడిగే పద్ధతిని విన్32 ఏపీఐ అంటారు. అందులో వేల ఫంక్షన్లు ఉన్నాయి. లైనక్స్‌లో అదే పనులకి పేర్లు వేరు, పద్ధతి వేరు. ప్రోగ్రామ్ "ఈ ఫైల్ తెరువు" అని విండోస్ భాషలో అడుగుతుంది, వినేవాళ్లు ఎవరూ ఉండరు.

మూడోది ప్రాసెసర్. ఇంటెల్, ఏఎండీ చిప్‌లు ఎక్స్86 ఇన్‌స్ట్రక్షన్లు అర్థం చేసుకుంటాయి. మన ఫోన్లు, కొత్త మ్యాక్‌లు, స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ల్యాప్‌టాప్‌లు ఆర్మ్ ఇన్‌స్ట్రక్షన్లు మాత్రమే అర్థం చేసుకుంటాయి. ఇక్కడ తేడా ఆపరేటింగ్ సిస్టమ్‌ది కాదు, సిలికాన్‌ది.

ఈ మూడూ గుర్తు పెట్టుకోండి. కింద చెప్పే ప్రతి టూల్ వీటిలో ఏదో ఒకదానికో రెండింటికో పరిష్కారం. ఏ అడ్డంకిని ఏది దాటిస్తుందో తెలియకపోతేనే "ఇన్‌స్టాల్ చేశా, పనిచేయలేదు" అనే పరిస్థితి వస్తుంది.

దారి 1: వైన్. మధ్యలో దుబాసీ

వైన్ ప్రాజెక్ట్ 1993లో మొదలైంది. బాబ్ ఆమ్‌స్టాడ్, ఎరిక్ యంగ్‌డేల్ దాన్ని మొదలుపెట్టారు. అప్పటి లక్ష్యం విండోస్ 3.1 ప్రోగ్రామ్‌లని లైనక్స్‌లో నడపడం. 1994 నుంచి అలెగ్జాండర్ జూలియార్డ్ నడిపిస్తున్నారు. వెర్షన్ 1.0 రావడానికి 2008 జూన్ దాకా పట్టింది, అంటే 15 ఏళ్లు! విన్32 ఏపీఐ ఎంత పెద్దదో ఈ ఒక్క విషయం చెబుతుంది.

వైన్ అనే పేరుకి "వైన్ ఈజ్ నాట్ యాన్ ఎమ్యులేటర్" అని విడమరిచి చెబుతారు. అది జోక్ మాత్రమే కాదు, టెక్నికల్‌గా కూడా నిజం. వైన్ నకిలీ కంప్యూటర్ ఏదీ తయారు చేయదు. విండోస్‌లో ఉండే డీఎల్ఎల్‌లని, వాటి ఫంక్షన్లని మొదటి నుంచి సొంతంగా రాసి పెట్టింది. మీ ప్రోగ్రామ్ క్రియేట్‌ఫైల్ అని పిలిస్తే, వైన్ ఆ పిలుపు అందుకుని, లైనక్స్‌కి అర్థమయ్యే ఓపెన్ కాల్‌గా మార్చి, వచ్చిన ఫలితాన్ని మళ్లీ విండోస్ పద్ధతిలో వెనక్కిస్తుంది. ప్రోగ్రామ్ కోడ్ మాత్రం మీ ప్రాసెసర్ మీద నేరుగా నడుస్తుంది. అందుకే చాలా ప్రోగ్రామ్‌లలో స్పీడ్ తేడా తెలియదు.

వినడానికి ఈజీగా ఉంది కానీ లోపల చిక్కులు చాలా. ఒక్క ఉదాహరణ. విండోస్‌లో రిపోర్ట్ అని పెద్ద అక్షరంతో రాసినా, చిన్న అక్షరంతో రాసినా ఒకే ఫైల్. లైనక్స్‌లో అవి రెండు వేర్వేరు ఫైళ్లు. ప్రోగ్రామ్ ఏ స్పెల్లింగ్‌తో అడిగినా సరైన ఫైల్ దొరికేలా వైన్ ఫోల్డర్‌లో వెతికి చూడాలి. ఇలాంటివి వందలు, వేలు. పైగా కొన్ని ప్రోగ్రామ్‌లు విండోస్‌లో ఉన్న బగ్ మీదే ఆధారపడి పనిచేస్తాయి. వాటి కోసం వైన్ ఆ బగ్‌ని కూడా అచ్చు అలాగే రాయాల్సి వస్తుంది.

ఇంకో ముఖ్యమైన విషయం. వైన్‌కి విండోస్ లైసెన్స్ అక్కర్లేదు, ఎందుకంటే అందులో మైక్రోసాఫ్ట్ కోడ్ లేదు. విండోస్ సోర్స్ కోడ్ చూసినవాళ్లని ప్రాజెక్ట్‌లో కోడ్ రాయనివ్వరు కూడా.

వైన్‌లో మీరు తప్పకుండా తెలుసుకోవాల్సిన మాట "ప్రిఫిక్స్". అంటే ఒక ఫోల్డర్. అందులో సి డ్రైవ్, ప్రోగ్రామ్ ఫైల్స్, రిజిస్ట్రీ అన్నీ ఉంటాయి. రిజిస్ట్రీ అయితే మామూలు టెక్స్ట్ ఫైళ్లే, తెరిచి చదువుకోవచ్చు. డీఫాల్ట్‌గా అన్నీ ఒకే ప్రిఫిక్స్‌లో పడతాయి. నా సలహా: ఒక్కో ముఖ్యమైన సాఫ్ట్‌వేర్‌కి ఒక్కో ప్రిఫిక్స్ పెట్టండి. ఒకదాని కోసం వేసిన డాట్‌నెట్ వెర్షన్ ఇంకోదాన్ని పాడుచేయదు. ఆ ఫోల్డర్‌ని కాపీ చేసుకుంటే అదే బ్యాకప్.

ఇదంతా టెర్మినల్‌లో చేయడం ఇష్టం లేనివాళ్లకి బాటిల్స్ అనే యాప్ ఉంది. ప్రతి సాఫ్ట్‌వేర్‌కి ఒక "బాటిల్", అంటే ఒక ప్రిఫిక్స్, మౌస్‌తోనే తయారు చేసుకోవచ్చు. గేమ్స్‌కి లూట్రిస్, హీరోయిక్ బాగుంటాయి. డబ్బు పెట్టి సపోర్ట్ కావాలనుకుంటే కోడ్‌వీవర్స్ కంపెనీ అమ్మే క్రాస్‌ఓవర్ ఉంది. వైన్ అభివృద్ధికి ఎక్కువగా పనిచేసేది కూడా ఆ కంపెనీయే.

నేను దీన్ని వాడుతున్నది 6వ జనరేషన్ ఐ5, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో, లైనక్స్ మింట్ మీద. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్, 7-జిప్ లాంటి చిన్న టూల్స్ విండోస్‌లో ఉన్నట్టే ఉంటాయి. ఇబ్బంది వచ్చేది పెద్ద సబ్‌స్క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌తో. మైక్రోసాఫ్ట్ 365 డెస్క్‌టాప్ యాప్‌లు, అడోబ్ క్రియేటివ్ క్లౌడ్ కొత్త వెర్షన్లు లాగిన్, లైసెన్స్ చెకింగ్, ఆటో అప్‌డేట్ అన్నీ కలిపి వస్తాయి. వాటిని వైన్‌లో నమ్ముకుని రోజువారీ పని పెట్టుకోవద్దు.

తమాషా ఏంటంటే, కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు కొత్త విండోస్ కన్నా వైన్‌లోనే బాగా నడుస్తాయి. 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రామ్‌లని అసలు తెరవదు. విండోస్ 11లో 32 బిట్ ఎడిషనే లేదు. అదే 90ల నాటి 16 బిట్ ప్రోగ్రామ్ 64 బిట్ లైనక్స్‌లో వైన్‌తో నడిచే అవకాశం ఉంది.

ప్రోటాన్: గేమర్లకి వైన్

2018 ఆగస్టులో వాల్వ్ కంపెనీ స్టీమ్‌లోకి ప్రోటాన్ తెచ్చింది. ఇది వైన్‌కి మరికొన్ని భాగాలు కలిపిన ప్యాకేజీ. వాటిలో ముఖ్యమైనది డీఎక్స్‌వీకే. విండోస్ గేమ్స్ గ్రాఫిక్స్ కోసం డైరెక్ట్ఎక్స్ వాడతాయి. లైనక్స్‌లో అది లేదు, వల్కన్ ఉంది. గేమ్ ఇచ్చే డైరెక్ట్ఎక్స్ ఆదేశాలని డీఎక్స్‌వీకే అప్పటికప్పుడు వల్కన్‌లోకి మారుస్తుంది. డైరెక్ట్ఎక్స్ 12 గేమ్స్‌కి అదే పని వీకేడీ3డీ-ప్రోటాన్ చేస్తుంది. 2022 ఫిబ్రవరిలో వచ్చిన స్టీమ్ డెక్ మొత్తం ఈ పునాది మీదే నిలబడింది. ఆ చేతిలో పట్టే కన్సోల్‌లో ఉన్నది లైనక్స్, ఆడేవి ఎక్కువగా విండోస్ గేమ్స్.

పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. 2022 చివర్లో వచ్చిన డీఎక్స్‌వీకే 2.0 నుంచి గ్రాఫిక్స్ డ్రైవర్ వల్కన్ 1.3 సపోర్ట్ చేయాలి. బాగా పాత ఇంటెల్ ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌కి అది లేదు. అలాంటి సిస్టమ్‌లో గేమ్ ఓపెన్ కాకపోతే తప్పు ప్రోటాన్‌ది కాదు.

ఇంకో గోడ యాంటీ-చీట్. ఆన్‌లైన్ గేమ్స్ కొన్ని కెర్నల్ లోపలికి డ్రైవర్ వేసి మరీ చీటింగ్‌ని కాపలా కాస్తాయి. వైన్ విండోస్ కెర్నల్‌ని ఇవ్వదు కాబట్టి అలాంటి డ్రైవర్‌కి అక్కడ చోటు లేదు. వాలరెంట్ అందుకే లైనక్స్‌లో ఆడలేం. ఈజీ యాంటీ-చీట్, బ్యాటిల్‌ఐ 2021 నుంచి ప్రోటాన్‌కి సపోర్ట్ ఇస్తున్నాయి, కానీ గేమ్ కంపెనీ దాన్ని ఆన్ చేయాలి. ఇచ్చింది తీసేసుకోవచ్చు కూడా. ఏపెక్స్ లెజెండ్స్ లైనక్స్‌లో బాగానే నడిచేది, 2024 అక్టోబర్ 31న కంపెనీయే లైనక్స్ ప్లేయర్లని ఆపేసింది. కాబట్టి మీరు రోజూ ఆడేది ఇలాంటి గేమ్ అయితే లైనక్స్‌కి మారే ముందే ప్రోటాన్‌డీబీలో ఆ గేమ్ పేరు కొట్టి చూడండి. ప్లాటినం, గోల్డ్ అని ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. బోర్క్‌డ్ అని ఉంటే ఆశ వదులుకోవాలి.

దారి 2: వర్చువల్ మెషిన్. ఇంట్లో ఇంకో ఇల్లు

వైన్‌లో మాట మార్చి చెప్పే దుబాసీ ఉంటే, ఇక్కడ విండోస్‌నే మొత్తంగా తెచ్చి ఒక కిటికీలో కూర్చోబెడతాం. వర్చువల్‌బాక్స్, వీఎంవేర్, లైనక్స్‌లో అయితే కేవీఎం... ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌తో ఒక కంప్యూటర్‌ని తయారు చేస్తాయి. దానికి సొంత డిస్క్, సొంత ర్యామ్, సొంత నెట్‌వర్క్ కార్డ్ ఉన్నట్టు చూపిస్తాయి. అందులో అసలైన విండోస్ ఇన్‌స్టాల్ చేస్తాం కాబట్టి రెండో అడ్డంకి పూర్తిగా పోతుంది. వైన్‌లో నడవని ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌కి, చిన్న చిన్న బిజినెస్ సాఫ్ట్‌వేర్‌కి ఇది గ్యారంటీ ఉన్న దారి.

ఇంటెల్ వీటీ-ఎక్స్, ఏఎండీ-వీ అనే హార్డ్‌వేర్ ఫీచర్ల వల్ల లోపలి విండోస్ కోడ్ కూడా దాదాపు పూర్తి స్పీడ్‌లో ప్రాసెసర్ మీదే నడుస్తుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో ఈ ఫీచర్ బయోస్‌లో ఆఫ్‌లో ఉంటుంది. వర్చువల్ మెషిన్ నత్తలా నడుస్తున్నా, అసలు స్టార్ట్ కాకపోయినా ముందు అక్కడ చూడండి.

ఖర్చు ఎక్కడంటే, ర్యామ్‌లో. విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ కావాలి. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో 4 జీబీ దానికే ఇచ్చేస్తే మిగతా 4 జీబీతో లైనక్స్, బ్రౌజర్ సర్దుకోవాలి. నడుస్తుంది, కానీ హాయిగా ఉండదు. 16 జీబీ ఉంటే దిగుల్లేదు. 4 జీబీ ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 వర్చువల్ మెషిన్ ఆలోచనే వద్దు. రెండో ఖర్చు గ్రాఫిక్స్: మామూలు సెటప్‌లో లోపలి విండోస్‌కి మీ గ్రాఫిక్స్ కార్డ్ పూర్తిగా అందదు, కాబట్టి గేమ్స్‌కీ, భారీ 3డీ పనికీ ఇది సరిపోదు. మూడోది లైసెన్స్: ఇది అసలైన విండోస్, దానికి లైసెన్స్ కావాల్సిందే.

లాభం కూడా ఒకటి గట్టిగా చెప్పాలి, స్నాప్‌షాట్. ఏదైనా ఇన్‌స్టాల్ చేసే ముందు ఒక స్నాప్‌షాట్ తీసుకోండి. పాడైతే ఒక క్లిక్‌తో పాత స్థితికి వెళ్లిపోవచ్చు. ఈ సుఖం నిజమైన కంప్యూటర్‌లో కూడా ఇంత తేలిగ్గా దొరకదు.

దారి 3: ప్రాసెసర్ భాషనే మార్చడం

ఇప్పుడు మూడో అడ్డంకి. చిప్ ఆర్మ్, ప్రోగ్రామ్ ఎక్స్86. వైన్ ఒక్కటే చాలదు, వర్చువల్ మెషిన్ ఒక్కటే చాలదు. ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌ని అనువదించాలి.

ఇందులో బాగా పేరు తెచ్చుకున్నది యాపిల్ రొసెట్టా 2. 2020లో ఎం1 చిప్‌తో పాటు వచ్చింది. ఇంటెల్ మ్యాక్ యాప్‌ని మొదటిసారే అనువదించి పెట్టేసుకుంటుంది, తర్వాత నడిపేటప్పుడు ఆ అనువాదమే వాడుతుంది. పైగా మెమరీ విషయంలో ఇంటెల్ చిప్ పాటించే క్రమాన్ని ఎం1 హార్డ్‌వేర్‌లోనే అనుకరించగలదు. ఆ రహస్యం వల్లే రొసెట్టా అంత వేగంగా ఉంటుంది. కానీ ఇది శాశ్వతం కాదు. మ్యాక్‌ఓఎస్ 27 వరకే పూర్తి రొసెట్టా ఉంటుందనీ, ఆ తర్వాత కొన్ని పాత గేమ్స్ కోసం కొంత భాగమే ఉంచుతామనీ 2025లో యాపిల్ చెప్పేసింది.

విండోస్ వైపు అదే పని చేసేది ప్రిజం. 2024లో విండోస్ 11 24హెచ్2తో వచ్చింది. స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ల్యాప్‌టాప్‌లలో మామూలు ఎక్స్86 ప్రోగ్రామ్‌లు నడిచేది దీనివల్లే. లైనక్స్ ఆర్మ్‌లో బాక్స్64, ఫెక్స్ ఉన్నాయి.

మన కుర్రాళ్లకి బాగా తెలిసిన ఉదాహరణ ఒకటి ఉంది, విన్‌లేటర్. ఆండ్రాయిడ్ ఫోన్‌లో పాత పీసీ గేమ్స్ ఆడించే యాప్. దానిలో మాయ ఏమీ లేదు: ఏపీఐ మార్చడానికి వైన్, ఇన్‌స్ట్రక్షన్లు మార్చడానికి బాక్స్86 లేదా బాక్స్64, గ్రాఫిక్స్‌కి డీఎక్స్‌వీకే. పైన చెప్పుకున్న అడ్డంకులన్నీ ఒకే యాప్‌లో వరసగా దాటుతున్నాయన్నమాట. ఫోన్ ఎందుకు అంత వేడెక్కుతుందో ఇప్పుడు అర్థమైందిగా!

మ్యాక్‌బుక్ ఉన్నవాళ్లకి

పాత ఇంటెల్ మ్యాక్‌లలో బూట్ క్యాంప్‌తో విండోస్ వేసుకునేవాళ్లం. ఎం సిరీస్ చిప్ మ్యాక్‌లలో బూట్ క్యాంప్ లేదు. మిగిలినవి రెండు దారులు.

ఒకటి, ప్యారలల్స్ డెస్క్‌టాప్ లేదా వీఎంవేర్ ఫ్యూజన్‌లో విండోస్ 11 ఆర్మ్ వెర్షన్ వేయడం. వీఎంవేర్ ఫ్యూజన్ 2024 నుంచి ఉచితం. లోపలి విండోస్ ఆర్మ్‌దే కాబట్టి వర్చువల్ మెషిన్ వేగంగా ఉంటుంది. అందులో మీరు వేసే ఎక్స్86 ప్రోగ్రామ్‌ని విండోసే అనువదించుకుంటుంది. చాలా కాలేజీ సాఫ్ట్‌వేర్లకి ఇది సరిపోతుంది. కాకపోతే సొంత డ్రైవర్ అవసరమయ్యేవి, అంటే మైక్రోకంట్రోలర్ ప్రోగ్రామర్లు, కొన్ని ల్యాబ్ పరికరాలు, వాటి డ్రైవర్‌కి ఆర్మ్ వెర్షన్ లేకపోతే పనిచేయవు. అనువాదం ప్రోగ్రామ్‌లకి మాత్రమే, కెర్నల్ డ్రైవర్లకి కాదు. సెమిస్టర్ మొదట్లోనే ఇది చెక్ చేసుకోండి, ల్యాబ్ ఎగ్జామ్ ముందు రోజు కాదు.

రెండోది క్రాస్‌ఓవర్. విండోస్ లైసెన్స్ లేకుండా గేమ్స్, కొన్ని యాప్‌లు నడపొచ్చు. కానీ ఇది రొసెట్టా మీద ఆధారపడుతూ వచ్చింది, కాబట్టి పైన చెప్పిన గడువు దీనికీ ముఖ్యమే. కొనే ముందు ట్రయల్ వెర్షన్‌లో మీ సాఫ్ట్‌వేర్ నడిపి చూడండి.

విండోస్ ఎక్స్‌పీ లాంటి పాత సిస్టమ్‌ని ఎం సిరీస్ మ్యాక్‌లో యూటీఎంతో నడపొచ్చు. అక్కడ మొత్తం ప్రాసెసర్‌నే ఎమ్యులేట్ చేయాలి కాబట్టి బాగా నెమ్మదిగా ఉంటుంది. పాత ఫైల్ ఒకటి తెరిచి చూడటానికి ఓకే, రోజంతా పనిచేయడానికి కాదు.

ఎదురు దిక్కు సంగతి

విండోస్‌లో లైనక్స్ టూల్స్ కావాలనుకునే కోడింగ్ స్టూడెంట్స్‌కి డబ్ల్యూఎస్ఎల్ ఉంది. దీని కథ భలే పాఠం. 2016లో వచ్చిన మొదటి వెర్షన్ వైన్ లాంటిదే, కాకపోతే తిరగేసి: లైనక్స్ కాల్స్‌ని విండోస్ కెర్నల్‌కి అనువదించేది. అన్ని కాల్స్‌నీ సరిగ్గా అనుకరించడం మైక్రోసాఫ్ట్‌కే కష్టమైంది. 2020లో అందరికీ వచ్చిన రెండో వెర్షన్‌లో ఆ పద్ధతి మానేసి, చిన్న వర్చువల్ మెషిన్‌లో అసలైన లైనక్స్ కెర్నల్‌నే పెట్టేశారు. దుబాసీ దారికీ, ఇంట్లో ఇల్లు దారికీ తేడా ఇంతకన్నా బాగా ఎవరూ చూపించలేరు.

విండోస్ 11లో ఆండ్రాయిడ్ యాప్‌లు నడిపే ఫీచర్ కూడా ఉండేది. దానికి 2025 మార్చి 5తో సపోర్ట్ ఆపేశారు. లైనక్స్‌లో అయితే వేడ్రాయిడ్‌తో ఆండ్రాయిడ్ యాప్‌లు నడపొచ్చు.

మన డీటీపీ సెంటర్ల సంగతేంటి?

ఇది తెలుగువాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. మన ఊళ్లలో పెళ్లి కార్డులు, కరపత్రాలు, పుస్తకాలు ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్స్‌తోనే తయారయ్యాయి. ఇప్పటికీ అలాగే పనిచేసే సెంటర్లు చాలా ఉన్నాయి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అను లాంటి పాత ఫాంట్స్ యూనికోడ్ కాదు. ఇంగ్లిష్ అక్షరాలకి, గుర్తులకి కేటాయించిన నంబర్ల మీదే తెలుగు అక్షర భాగాలు కూర్చోబెట్టారు. ఫాంట్ లేని సిస్టమ్‌లో అదే ఫైల్ తెరిస్తే పిచ్చి గీతల్లాంటి ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి.

అంటే ఇక్కడ పోయేది సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు. ఆ కంప్యూటర్ చచ్చిపోయిన రోజున 20 ఏళ్ల పుస్తకాల ఫైళ్లు తెరిచే దారి మూసుకుపోతుంది. మీ నాన్నకో, మామయ్యకో ఇలాంటి సెంటర్ ఉంటే ఈ పని మీరే భుజాన వేసుకోండి.

దీనికి నా సలహా వైన్ కాదు, వర్చువల్ మెషిన్. కారణం ఉంది. తెలుగు టైపింగ్ మేనేజర్ కీబోర్డ్ మీద నొక్కే ప్రతి కీని మధ్యలో పట్టుకుని మారుస్తుంది. వైన్‌లో అలాంటి ప్రోగ్రామ్‌కి తన ప్రిఫిక్స్‌లో ఉన్న ప్రోగ్రామ్‌ల కీలే కనిపిస్తాయి, మిగతా లైనక్స్ యాప్‌లవి కనిపించవు. అదొక్కటే కాక ఫాంట్లు, ప్రింటర్, లైసెన్స్ అన్నీ ఒక్కసారే కుదరాలి. రోజూ గిరాకీ వచ్చే షాపులో ప్రయోగాలు పనికిరావు. విండోస్ ఎక్స్‌పీ లేదా 7ని వర్చువల్‌బాక్స్‌లో వేస్తే ఎక్స్‌పీకి 1 జీబీ ర్యామ్ కూడా ఎక్కువే, కాబట్టి పాత సిస్టమ్ మీద కూడా నడుస్తుంది. కానీ ఎక్స్‌పీకి 2014లో, విండోస్ 7కి 2020లో సపోర్ట్ ఆగిపోయింది. అందుకని ఆ వర్చువల్ మెషిన్‌కి ఇంటర్నెట్ పూర్తిగా కట్ చేయండి. ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడానికి షేర్డ్ ఫోల్డర్ ఒకటి చాలు.

ఇంకో మాట. వర్చువల్ మెషిన్ అంటే చివరికి కొన్ని పెద్ద ఫైళ్లే. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి పెట్టుకుంటే, రేపు కంప్యూటర్ మారినా షాపు మొత్తం అలాగే ఉంటుంది. తీరిక ఉన్నప్పుడు ముఖ్యమైన ఫైళ్లని పీడీఎఫ్‌గా తీసి, పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి దాచుకోండి. శాశ్వత పరిష్కారం అదే.

జాగ్రత్త: వైన్ కాపలాదారు కాదు

"లైనక్స్‌లో వైరస్ రాదు కదా" అని క్రాక్ చేసిన ఈఎక్స్‌ఈలు వైన్‌లో తెరిచేవాళ్లు ఉన్నారు. ఇది ప్రమాదం. వైన్‌లో జెడ్ డ్రైవ్ పేరుతో మీ మొత్తం లైనక్స్ ఫైల్ సిస్టమ్ కనిపిస్తుంది. మీరు తెరవగలిగిన ఏ ఫైల్‌నైనా ఆ ప్రోగ్రామ్ కూడా తెరవగలదు. మీ ఫొటోలని ఎన్‌క్రిప్ట్ చేసే ర్యాన్సమ్‌వేర్‌కి అంతకన్నా ఏం కావాలి? వైన్‌ని రూట్ యూజర్‌గా ఎప్పుడూ నడపకండి. బాటిల్స్‌ని ఫ్లాట్‌ప్యాక్‌గా వేసుకుంటే కొంత గోడ ఉంటుంది. నమ్మకం లేని ఫైల్ తప్పనిసరిగా తెరవాల్సి వస్తే నెట్ కట్ చేసి, షేర్డ్ ఫోల్డర్ తీసేసిన వర్చువల్ మెషిన్‌లో తెరవండి.

మారే ముందు ఈ వరుసలో చెక్ చేసుకోండి

1. మీరు నిజంగా వాడే విండోస్ సాఫ్ట్‌వేర్ల పేర్లు కాగితం మీద రాయండి. చాలామందికి మూడో నాలుగో మించవు.
2. ఒక్కోదానికి లైనక్స్ లేదా వెబ్ వెర్షన్ ఉందేమో చూడండి. ఉంటే ఏ ట్రిక్కూ అక్కర్లేదు. వీఎల్‌సీ, బ్లెండర్, విజువల్ స్టూడియో కోడ్ లాంటివి నేరుగా దొరుకుతాయి.
3. లేనివాటికి వైన్ యాప్‌డీబీలో, గేమ్స్‌కి ప్రోటాన్‌డీబీలో రేటింగ్ చూడండి. రేటింగ్ ఏ వెర్షన్‌కి ఇచ్చారో కూడా చూడాలి, పాత వెర్షన్ గోల్డ్ అయితే కొత్తది కూడా గోల్డ్ అని కాదు.
4. యూఎస్‌బీ డాంగిల్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ లాంటివి ఉంటే దానికి లైనక్స్ డ్రైవర్ ఉందేమో కనుక్కోండి. లేకపోతే వర్చువల్ మెషిన్‌లోకి ఆ యూఎస్‌బీని పంపించి పరీక్షించండి.
5. విండోస్ ఇంకా ఉండగానే లైనక్స్‌ని వేరే పార్టిషన్‌లో లేదా వేరే ఎస్ఎస్‌డీలో వేసి రెండు వారాలు వాడండి. డేటా బ్యాకప్ మాత్రం ముందే తీయండి.

ఫైనల్‌గా: ఎవరికి ఏది?

చిన్న టూల్స్, పాత సాఫ్ట్‌వేర్ కావాలి, ర్యామ్ తక్కువ ఉంది: వైన్, బాటిల్స్‌తో.

సింగిల్ ప్లేయర్ గేమ్స్ ఎక్కువ ఆడతారు: లైనక్స్‌లో స్టీమ్, ప్రోటాన్. వాలరెంట్ లాంటివి ఆడేవాళ్లు విండోస్ వదలొద్దు.

ఆఫీస్, అకౌంటింగ్, డీటీపీ, అంటే ఆగితే డబ్బు పోయే పని: వర్చువల్ మెషిన్. 16 జీబీ ర్యామ్ పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఎం సిరీస్ మ్యాక్ ఉంది: విండోస్ ఆర్మ్‌తో వర్చువల్ మెషిన్. డ్రైవర్ అవసరమయ్యే పరికరాలుంటే ముందే కనుక్కోండి.

క్రియేటివ్ క్లౌడ్ కొత్త వెర్షన్ల మీదే జీవనం: ఈ తలనొప్పి మీకొద్దు. విండోస్ 11 సపోర్ట్ చేసే సిస్టమ్ కొనుక్కోండి, పాతది లైనక్స్‌తో తమ్ముడికో చెల్లికో ఇవ్వండి.

8 ఏళ్ల ల్యాప్‌టాప్‌ని స్క్రాప్‌కి అమ్మితే వచ్చేది ఎంతో మీకు తెలుసు. లిస్టులోని సాఫ్ట్‌వేర్లు పైన చెప్పిన ఏదో ఒక దారిలో నడుస్తున్నాయని తేలితే, ఆ ల్యాప్‌టాప్‌కి ఇంకో నాలుగైదేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్స్‌తో పని ఉంటుంది. ఈ ఆదివారం ఆ లిస్టు రాయడంతో మొదలుపెట్టండి.